కెమెరాకి కూడా జీరోయింగ్ ఉండాలి
(మన సంఘం ఉగాది వార్షికోత్సవ సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "కవిసమ్మేళనానికీ పిల్లల డాన్సులకీ మధ్య అరగంట ఖాళీ ఉంది, ఫొటోల గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ని కాను. సిగ్నల్స్‌లో ఇరవైనాలుగేళ్ళు చేసి 2010లో ఇంటికొచ్చినవాణ్ణి. యూనిట్‌లో బడాఖానా అయినా, సాహెబ్‌గారి వీడ్కోలైనా "కెమెరావాలా కో బులావ్" అనేవారు. నా అర్హత అంతే. కాబట్టి పుస్తకంలో ఉన్నది కాదు, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది చెబుతాను.

ఇవాళ చెప్పేది ఒక్క జాతి కెమెరా గురించే. చిన్నది, జూమ్ లేనిది, లెన్స్ ఊడదీసి మార్చడానికి వీల్లేనిది. పెద్దవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మనలో చాలామంది మొదట పట్టుకున్న ఆగ్ఫా క్లిక్ 3 ఇలాంటిదే కదా. రోల్‌కి పన్నెండు బొమ్మలు, ఒకటే లెన్స్, దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి. ఇప్పుడు అదే పద్ధతి డిజిటల్‌లో తిరిగొచ్చింది. ఫ్యూజీ ఎక్స్100 వరస 2011లో మొదలైంది. నా దగ్గర ఇప్పుడున్నది 2020లో వచ్చిన ఎక్స్100వి. బ్యాటరీతో కలిపి 478 గ్రాములు. రికో జీఆర్ 3 అయితే 257 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది, కానీ కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు. ఈ మధ్య అబ్బాయో అమ్మాయో విదేశాల నుంచి ఇలాంటిది తెచ్చి చేతిలో పెడుతున్నారు. మనం రెండు రోజులు తిప్పి, "దీనికి జూమ్ లేదేమిట్రా" అని బీరువాలో పెడుతున్నాం. ఈ సభలోనే నలుగురి మెడలో కనిపిస్తోంది, అందుకే ధైర్యం చేస్తున్నాను.

జూమ్ లేకపోవడంలో ఒక సుఖం ఉంది. నా కెమెరాలో లెన్స్ 23 మి.మీ. పాత ఫిల్మ్ లెక్కలో అది 35 మి.మీ.తో సమానం. దాని గుణం ఏమిటంటే, మీరు ఎంత దూరంలో నిలబడితే దాదాపు అంత వెడల్పు ఫొటోలో పడుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి మూడు మీటర్ల వెడల్పు. ఆరు మీటర్ల నుంచి ఆరు. పదిమంది భుజం భుజం కలిపి నిలబడితే సుమారు ఐదు మీటర్లు, అంటే మీరు ఆరు మీటర్లు వెనక్కి వెళితే చివరివాళ్ళు కూడా హాయిగా పడతారు. ఈ ఒక్క లెక్క ఒంటబడితే కెమెరా కంటికి ఎత్తకముందే ఎక్కడ నిలబడాలో కాళ్ళకి తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. సెట్టింగుల గురించి ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో ముందు చెప్పాలి.

2012లో నాకు మొదటి ఎక్స్100 వచ్చింది. ఆ డిసెంబరులో పాత యూనిట్ వాళ్ళందరం కలిశాం. రాత్రి, హాల్లో పసుపు బల్బులు. కెమెరా అంతా చేత్తో పెట్టాను. ఎపర్చర్ ఎఫ్2, షట్టర్ 1/60, ఐ.ఎస్.ఓ. 3200, వైట్ బ్యాలెన్స్ బల్బు గుర్తు మీద. బ్యాటరీ మిగలాలని, తీసిన ఫొటో వెనక తెర మీద కనపడే ఏర్పాటు కూడా ఆపేశాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఫొటో అంటే "ఈ ముసలి మొహానికి ఇప్పుడు ఫొటో ఎందుకురా" అనే మనిషి, ఆవేళ మెడలో కెమెరా చూసి "ఉండు, చీర మార్చుకొస్తాను" అంది. జరీ అంచు చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఆరు ఫొటోలు తీశాను. కళ్ళజోడు పెట్టుకుని మూడు, తీసి మూడు. ఎక్స్100లో ఆప్టికల్ వ్యూఫైండర్ ఉందని చెప్పాలి. దాన్లోంచి చూస్తే లోకం ఎప్పుడూ చక్కగానే కనబడుతుంది. కెమెరా లోపల ఏం పడుతోందో దానికి సంబంధం లేదు. పక్కన ఎక్స్‌పోజర్ గీత మీద ముల్లు పైఅంచుకి కొట్టుకుని ఉండే ఉంటుంది. నేను చూడలేదు. సాయంత్రం బస్సుకి బయల్దేరాను. రాత్రి రైల్లో పై బెర్తు మీద పడుకుని తెర వేసి చూస్తే, ఆరూ తెల్ల కాగితాలు. రాత్రి సెట్టింగు పట్టపగలు అలాగే ఉండిపోయింది. తర్వాత లెక్క వేసుకుంటే, కావలసిన దానికన్నా కొన్ని వందల రెట్లు వెలుతురు లోపలికి పోయింది.

"సంక్రాంతికి వెళ్తాను కదా, అప్పుడు తీద్దాంలే" అనుకున్నాను. సంక్రాంతికి రెండు రోజుల ముందు అమ్మ పోయింది. మా ఇంట్లో గోడ మీద ఉన్న ఆవిడ ఫొటో, రేషన్ కార్డు కోసం ఎప్పుడో దిగిన చిన్న బొమ్మని పెద్దది చేయించింది.

కెమెరా తప్పు అందులో ఏమీ లేదు. ఫైరింగ్ రేంజి నుంచి బయల్దేరే ముందు మనం ఏం చేస్తాం? ఖాలీ కర్. జాంచ్ శస్త్ర్. చేంబర్ చూపించకుండా ఎవణ్ణీ లారీ ఎక్కనివ్వరు. ఇరవైనాలుగేళ్ళు రైఫిల్‌తో ఆ పని చేసిన చేయి కెమెరాతో చెయ్యలేదు. అప్పటినుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి కెమెరాకి ఒక "ఇంటి సెట్టింగు" ఉండాలి. ఏ పని మీద బయటికెళ్ళినా, పని అయ్యాక కెమెరా ఇంటికి రావాలి. సంచీలో పెట్టేముందే.

నా ఇంటి సెట్టింగు ఇది, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఎపర్చర్ ఎఫ్5.6. షట్టర్ డయల్ 'ఎ' అక్షరం మీద. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ సున్నా. ఐ.ఎస్.ఓ. ఆటో, కింది హద్దు 160, పై హద్దు 6400, షట్టర్ 1/125 కంటే కిందికి దిగకూడదని షరతు. వైట్ బ్యాలెన్స్ ఆటో. ముఖాలు గుర్తుపట్టి ఫోకస్ చేసే ఏర్పాటు ఆన్. రా, జేపెగ్ రెండూ. తీసిన ఫొటో కాసేపు తెర మీద కనబడాలి. చాలు. ఇలా ఉన్న కెమెరాని నిద్రలో లేపి చేతికిచ్చినా, పగలైనా రాత్రయినా పదింట తొమ్మిది ఫొటోలు పనికొస్తాయి. 1/125 ఎందుకంటే, మన చెయ్యి వణక్కుండా ఉండటానికి 1/60 చాలు, కానీ ఎదుటి మనిషి మాట్లాడుతూ తల ఊపుతాడు కదా. 2024లో వచ్చిన ఈ వరసలోని ఆరో కెమెరాలో చెయ్యి వణుకుని సరిదిద్దే ఏర్పాటు పెట్టారు. అది మన వణుకుని ఆపుతుందే గాని ఎదుటివాడి కదలికని ఆపదు. దుకాణంలో ఈ మాట చెప్పరు.

నా కెమెరాలో సి1 నుంచి సి7 వరకు ఏడు మెమరీలు ఉన్నాయి. రంగుల తీరు, వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్ట్ లాంటివి వాటిలో దాచుకోవచ్చు. కొత్తవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు. మెమరీ మార్చినంత మాత్రాన పైన ఉన్న రింగులు తిరగవు. ఎపర్చర్ రింగు, షట్టర్ డయల్ చేత్తో తిప్పితేనే తిరుగుతాయి. అందుకని మా ఆవిడ గోళ్ళరంగు సీసా అడిగి, ఎఫ్5.6 దగ్గర ఒక ఎర్రచుక్క, షట్టర్ 'ఎ' దగ్గర ఒక చుక్క పెట్టాను. ఖరీదైన కెమెరాకి ఆ పని ఏమిటని మా అబ్బాయి గోల పెట్టాడు. పెట్టనీ. రికోలో ఈ బాధ తక్కువ. మోడ్ డయల్ మీదే యు1, యు2, యు3 అని మూడు ఉంటాయి, ఎపర్చర్‌తో సహా అన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

ఇంటి నుంచి బయటికెళ్ళే దారులు ఇక చూద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది జనంలో తిరుగుతూ తీయడం. సంతలు, జాతరలు, రైల్వే ప్లాట్‌ఫారాలు. ఇక్కడ ఆటోఫోకస్ మీద ఆధారపడకండి. అది వెతుక్కునేలోగా మనిషి వెళ్ళిపోతాడు. మాన్యువల్ ఫోకస్ పెట్టి 2.3 మీటర్ల దగ్గర ఆపండి. ఎఫ్8, షట్టర్ 1/250, ఐ.ఎస్.ఓ. ఆటో. 2.3 మీటర్లే ఎందుకంటారా? డ్రిల్‌లో మన కదం ముప్ఫై అంగుళాలు. మూడు కదాలంటే దాదాపు 2.3 మీటర్లు. ఈ లెన్స్‌ని ఎఫ్8 దగ్గర అక్కడ ఆపితే సుమారు 1.4 మీటర్ల నుంచి ఏడున్నర మీటర్ల వరకు అంతా స్పష్టంగా వస్తుంది. అంటే రెండు కదాల నుంచి పది కదాల దాకా. గ్రౌండులో ఏళ్ళ తరబడి కొలిచిన కాళ్ళు మనవి, టేపు అక్కర్లేదు. రికో వాళ్ళకి దీనికోసమే స్నాప్ ఫోకస్ అని ఉంది, రెండున్నర మీటర్లు పెట్టుకోండి.

హద్దు కూడా చెప్పాలి. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఈ కెమెరా పట్టుకుని వెళ్ళాను. మాను చివర కూర్చున్న పూజారి ఫొటోలో చీమంత వచ్చాడు. జూమ్ ఉంటే బాగుండేదని ఒక పావుగంట ఏడ్చుకున్నాను. తర్వాత వెనక్కి తిరిగి, పైకి చూస్తున్న జనం మొహాలు తీశాను. అరటిపళ్ళు విసరడానికి చెయ్యెత్తిన ముసలాయన, తండ్రి భుజాల మీద పిల్ల. ఆ రోజు నేను దాచుకున్నవి అవే.

పెళ్ళిళ్ళు, సభలు, ఇదిగో ఇలాంటి స్టేజి కార్యక్రమాలు వేరే లెక్క. ఎపర్చర్ ఎఫ్2 లేదా 2.8కి తెరవాలి. ఉపన్యాసానికి 1/125 చాలు, కోలాటానికి, కూచిపూడికి 1/500 కావాలి. పాదాలు మసగ్గా ఉన్నా ఫర్వాలేదనుకుంటే 1/250. స్టేజి వెనక నల్ల తెర ఉంటే కెమెరా మోసపోయి మొహాలు తెల్లగా కాల్చేస్తుంది, కాంపెన్సేషన్ ఒక స్టాప్ తగ్గించాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ చప్పుడు చెయ్యదని చాలామంది దాన్నే వాడతారు. ఎల్.ఇ.డి. లైట్ల కింద మాత్రం వద్దు, ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ లెక్కన చాలా లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి. కళ్యాణమండపంలో రంగులు ఫొటోకీ ఫొటోకీ మారిపోతుంటే షట్టర్ 1/100కి దింపి చూడండి.

మనుషుల్ని కూర్చోబెట్టి తీసేటప్పుడు ఈ లెన్స్‌తో ఒక జాగ్రత్త ఉంది. మీటరు కన్నా దగ్గరికి వెళితే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మీటరున్నర నుంచి రెండు మీటర్లలో ఆగి, కెమెరాని నిలువుగా తిప్పి నడుము పైభాగం తీయండి. చేతులు కూడా పడాలి. పెద్దవాళ్ళ చేతుల్లో మొహంలో కన్నా ఎక్కువ ఉంటుంది. ఎఫ్4, కిటికీ పక్కనో అరుగు మీదో నీడలో. తెల్ల చీర, తెల్ల పంచె అయితే కాంపెన్సేషన్ మూడింట రెండు స్టాప్‌లు పెంచాలి, లేకపోతే బట్టలు మాసినట్టు బూడిదరంగులో వస్తాయి. నేవీ వాళ్ళ తెల్ల యూనిఫాంకి కూడా ఇదే మందు. వెల్వియా అనే రంగుల తీరు కొండలకి బాగుంటుంది, మనుషుల మొహాలకి కుంకుమ పూసినట్టవుతుంది, దాన్ని కొండలకే వదిలెయ్యండి. ఆస్టియా మెత్తగా ఉంటుంది.

మెడల్స్ పెట్టుకుని, టోపీ పెట్టుకుని మిట్టమధ్యాహ్నం గ్రూప్ ఫొటో. మనకి తప్పని ఘట్టం. టోపీ అంచు నీడలో కళ్ళు మాయమవుతాయి. ఇక్కడే ఈ కెమెరా పెద్ద కెమెరాలకన్నా గొప్పది. దీని షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, లీఫ్ షట్టర్ అంటారు. అందువల్ల 1/1000 దగ్గర కూడా ఫ్లాష్ కలిసి వెలుగుతుంది. మామూలు ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో చాలావరకు 1/200, 1/250 దగ్గరే ఆగిపోవాలి. కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్ ఎండలో రెండు మూడు మీటర్లే అందుకుంటుంది. ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. ముప్ఫైమందికి చాలదు. వాళ్ళని చెట్టు నీడకి నడిపించడమే మేలు, సుబేదార్ మేజర్ సాహెబ్ ఒప్పుకుంటే. ఎఫ్5.6 ఉంటే మూడు వరసలూ స్పష్టంగా వస్తాయి. ఐదు ఫొటోలకి తక్కువ తియ్యకండి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు.

ఎండలోనే వెనకభాగం మసగ్గా రావాలని ఎఫ్2 పెడితే ఐ.ఎస్.ఓ. 160 దగ్గర కూడా షట్టర్ 1/10000 దాకా అడుగుతుంది, మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గరే ఆగుతుంది. లోపల ఎన్.డి. ఫిల్టర్ ఉంది, నల్లకళ్ళద్దాల లాంటిది, నాలుగు స్టాప్‌లు. ఆన్ చేస్తే 1/640 చాలు. కానీ అదీ ఇంటికి తిరిగిరావాల్సిన వస్తువే. రాత్రి దాన్ని ఆపడం మరిచిపోతే ఫొటోలన్నీ చీకటి.

ఎత్తు ప్రాంతాల్లో ఉన్న తమ్ముళ్ళకి రెండు మాటలు. మంచుని కెమెరా బూడిద చేస్తుంది, ఒకటి నుంచి ఒకటింబావు స్టాప్ పెంచండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి. బయటి నుంచి వెచ్చని బంకర్‌లోకి వచ్చేముందు కెమెరాని పాలిథీన్ కవరులో గట్టిగా మూసి తెచ్చి, గంట అయ్యాక తెరవండి, లేకపోతే లెన్స్ లోపల చెమ్మ పడుతుంది. ఎక్స్100వి నీటిచుక్కలకి తట్టుకుంటుందంటారు. అది ముందు అడాప్టర్ రింగు, 49 మి.మీ. ప్రొటెక్షన్ ఫిల్టర్ రెండూ బిగిస్తేనే.

ఇంకో పని. ఇది మీలో ప్రతి ఒక్కరూ చెయ్యాలని నా కోరిక. ఇంట్లో పాత ఫొటోలు కాపీ చెయ్యడం. పశ్చిమ గోదావరిలో మాధవరంలాంటి ఊళ్ళలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యంలో ఉన్న కుటుంబాలున్నాయి. తాతగారి యూనిఫాం ఫొటో అటక మీద చెమ్మకి మచ్చలు పడుతూ ఉంటుంది. కిటికీ పక్క బల్ల మీద పరిచి, కెమెరాని సరిగ్గా పైన సమాంతరంగా పట్టి, ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి, ఎఫ్8, ఐ.ఎస్.ఓ. 160, రెండు సెకన్ల టైమరుతో తీయండి. స్టాండు లేకపోతే పుస్తకాల దొంతర మీద ఆనించండి. ఫ్లాష్ వద్దు. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ పీకకండి, బొమ్మ పొర అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దంతోనే ఉంచి, మీ వెనక నల్ల దుప్పటి ఎవరితోనైనా పట్టించి తీస్తే ప్రతిబింబం పడదు. మా మామగారి 1965 నాటి ఫొటో అలాగే దక్కింది.

సర్వీసులో ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. ఈ కెమెరాలు ఫోన్‌తో కలిపితే తీసిన చోటు వివరాలు ఫొటోలో రాసుకుంటాయి. అది ఆపి ఉంచండి. తీసేముందు మనిషి వెనక ఏముందో చూడండి, బోర్డులు, బండి నంబర్లు, యాంటెనాలు. ఫొటో నిషేధం అని రాసిన చోట నా బ్రహ్మాండమైన సెట్టింగులు ఏవీ పనికిరావు, కెమెరా సంచీలోనే. రిటైరయ్యాం కదా అని మనకీ మినహాయింపు లేదు.

ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు సార్" అని. న్యాయమైన ప్రశ్న. ఎండలో, తొందరలో, ఫోనే చాలాసార్లు గెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఆవేళ నా చేతిలో మంచి ఫోన్ ఉండుంటే అమ్మ ఫొటో ఉండేది. అయితే ఫోన్ తానే ఆలోచించి మొహాల ముడతలు తుడిచేస్తుంది. నాకు ఆ ముడతలు కావాలి. ఫోన్ పట్టుకుంటే మధ్యలో మెసేజ్ వస్తుంది, బ్యాంకు వాడు పిలుస్తాడు. కెమెరా పట్టుకున్నంతసేపు ఎదురుగా ఉన్న మనిషినే చూస్తాను. అంతకంటే పెద్ద వాదన నా దగ్గర లేదు.

అదుగో, పిల్లలు గజ్జెలు కట్టుకుని పక్కన నిలబడ్డారు, కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. కెమెరాలు ఉన్నవాళ్ళు తీయండి. ఎఫ్2.8, షట్టర్ 1/500, మెకానికల్ షట్టర్, వెనక నల్ల తెర ఉంది కాబట్టి కాంపెన్సేషన్ ఒకటి కిందికి. ముందు వరసవాళ్ళు లేచి నిలబడకండి, వెనకవాళ్ళకి అడ్డం. భోజనాలకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర నేను నిలబడి ఉంటాను, ఒక్కొక్కరి కెమెరా జాంచ్ చేసే పంపిస్తాను.

జై హింద్.